గౌరీశంకరం మాస్టారి పడవ బేరం

తెనాలిలో గౌరీశంకరం మాస్టారికి ఏదైనా అమ్మాలంటే గుండె దిటవు ఉండాలి. ఆయన ధర అడగరు. చెప్పినా చెవిన పెట్టరు. "అది సరేనయ్యా, అన్నీ కలిపి ఎంత?" అంటారు. ఆ 'అన్నీ'లో ఏమేం ఉన్నాయో అమ్మేవాడికి బోధపడేసరికి పొద్దు వాలిపోతుంది.

కూరల బండి చంద్రకళనడగండి, చెబుతుంది.

"వంకాయలు కిలో ఎనిమిది మాస్టారూ."

"ఎనిమిది సరేనమ్మా. ఇవి నూనె ఎంత తాగుతాయి?"

"నూనేంటండి?"

"చూస్తుంటే పావుకిలో నూనె తాగే జాతిలాగా ఉన్నాయి. ఆ నూనె, మసాలా, పుచ్చులు తీసేస్తే పోయే తరుగు, అన్నీ కలిపి ఎంతో చెప్పు."

"మా ఇంటికి రండి మాస్టారూ, వండి పెట్టి చెబుతాను," అని చంద్రకళ నెత్తి కొట్టుకునేది. అలా నెత్తి కొట్టుకున్నవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. గొడుగు కొనబోతే పోగొట్టుకునే ఖర్చు కూడా కలిపి చెప్పమన్నారు. గొడుగన్నాక ఎప్పుడో ఒకప్పుడు బస్సులో మర్చిపోతాం కదా అని ఆయన వాదన.

ఇక బావమరిది దత్తు పెళ్లిచూపుల సంగతి వేరే చెప్పాలి. పిల్ల నచ్చింది, పిల్లాడు నచ్చాడు, అందరూ తాంబూలాల దాకా వచ్చారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయి సరే. అమ్మాయికి పెదనాన్నలెంతమంది, మేనత్తలెంతమంది? వాళ్ల పిల్లలెందరు? అన్నీ కలిపి మావాడు ఏడాదికి ఎన్ని శుభకార్యాలకు కొట్టు మూసుకుని రావాల్సుంటుంది?" పిల్ల తండ్రి తెల్లమొహం వేశాడు. తలుపు వెనక నుంచి మాత్రం పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి దత్తు పడిపోయాడు. పెళ్లయి పదిహేనేళ్లయినా బోసు రోడ్డులో అతని పుస్తకాల కొట్టు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ కనిపిస్తాయి. బావగారు ముందే హెచ్చరించారు మరి.

ఈ మాస్టారు పిల్లలకి భూగోళం చెప్పేవారు. ముప్ఫై ఏళ్లు రేపల్లెలో, తెనాలిలో గోడకి పటం తగిలించి, బెత్తంతో నదుల వెంట నడిచారు. రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో రిటైరయ్యారు. నెల తిరక్కుండానే, ఆయన భార్య నాగేశ్వరమ్మ మోచేతుల దాకా కారంతో ఆవకాయ కలుపుతుండగా, గుమ్మంలో నిలబడి ఒక మాటన్నారు.

"నాగేశ్వరం, పడవ కొందామనుకుంటున్నాను."

"ఏం కొంటారూ?"

"పడవ. ఫైబరుది. ఇంజనుతో."

నాగేశ్వరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కుండలో మజ్జిగుంది, రెండు గ్లాసులు తాగి పడుకోండి. ఎండ దెబ్బ," అంది.

ఎండ దెబ్బ కాదని మర్నాడు తేలింది. దాంతో ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఎందుకు పడదు? కాపరానికి వచ్చినప్పటి నుంచీ అద్దె ఇళ్లే. గోడకి క్యాలెండరు తగిలించుకుందామని మేకు కొడితే చాలు, ఇంటివాళ్లు కింద నుంచి పరిగెత్తుకొచ్చేవారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో రెండు గదుల సొంత ఇల్లు కొనుక్కుని, కడుపునిండా మేకులు కొట్టుకోవాలని ఆవిడ కోరిక. ఇప్పుడు ఆ ఇల్లు కాస్తా నీళ్లలోకి పోయేలా ఉంది. ఆవిడ బ్యాంకు పుస్తకాన్ని బియ్యం డబ్బాలో అడుగున పాతిపెట్టి తమ్ముడికి కబురు చేసింది.

"ఒరేయ్ దత్తూ, నువ్వు మీ బావగారి వెంటే తిరుగు. ఎక్కడైనా అడ్వాన్సు ఇవ్వబోతే చెయ్యి పట్టుకో. నా ఇల్లు నీ చేతుల్లో ఉంది."

దత్తు అక్క మాట జవదాటడు. కొట్టు మూసి స్కూటరు తీశాడు.

మొదట బాపట్ల వెళ్లారు. సూర్యలంక రోడ్డులో ఒక షెడ్డు ముందు పడవలు బోర్లించి ఉన్నాయి. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు.

"ఎనభై వేలండి, మాస్టారూ. ఇంతకంటే తక్కువకి జిల్లాలో ఎక్కడా దొరకదు."

"ఎనభైకి ఏమొస్తుంది?"

"పడవొస్తుందండి."

"ఇంజను?"

"ఇంజను వేరండి."

"ఇంజను లేకపోతే అది పడవేంటయ్యా, కుడితి తొట్టి. సరే, ఇంజను బిగింపు?"

"కూలి వేరండి. తెడ్డు మాత్రం ఫ్రీ!" అన్నాడు కుర్రాడు గర్వంగా.

"ఎన్ని?"

"ఒకటండి."

"ఒక్క తెడ్డేస్తే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతాంరా దత్తూ. రెండోది కొనాలి, వేసుకో. రంగు?"

"ఒక పూత ఇందులోనేనండి. రెండో పూతకి..."

"వేసుకో. పేరు రాయడం?"

"అక్షరానికి ఇరవై."

"ఒత్తుకి?"

కుర్రాడు కళ్లద్దాలు తీసేశాడు. ఒత్తుకి ఎంతని అడిగినవాడు ఇంతవరకు లేడు. లోపలికెళ్లి పెయింటర్ని అడిగొచ్చి, "పదంటండి," అన్నాడు. మాస్టారు ఆలోచనలో పడి, "ఆవు అని పెట్టుకుంటే నలభైతో పోతుంది," అన్నారు.

"పడవకి ఆవు అని పేరేంటి బావగారూ!"

"సాధుజంతువురా. నీళ్లలో నెమ్మదిగా పోతుంది."

లారీ బాడుగ, ఎక్కించే కూలీ, దించే కూలీ, కాగితాలు, కాగితాలు కదలడానికి టీలు, అన్నీ వేసుకుంటూ పోతే ఎనభై కాస్తా లక్షా అరవై దగ్గర ఆగింది. కుర్రాడు నోరు వెళ్లబెట్టాడు. "ఇంతవుతుందని నాకే తెలీదు మాస్టారూ!" అన్నాడు. పాపం, వాడికి మంచినీళ్లు మాస్టారే ఇచ్చారు.

దత్తుకి ప్రాణం లేచొచ్చింది. బావగారి బేరం ఈ జన్మకి తెగదు, అక్క ఇల్లు ఎక్కడికీ పోదు అనుకుంటూ స్కూటరు తిప్పాడు. ఊరు దాటాక వెనక సీటు మీద మాస్టారు గొంతు మారింది. క్లాసులో పటం ముందు నిలబడ్డప్పటి గొంతు అది.

"ఒరేయ్ దత్తూ, కళ్లు మూసుకో."

"స్కూటరు నడుపుతున్నానండి."

"సరే, తెరుచుకునే విను. కృష్ణమ్మ చివరికొచ్చేసరికి తొందర మానేస్తుందిరా. ఆవిడ పనులన్నీ అయిపోయాయి కదా. మడ అడవుల మధ్య అటో పాయ, ఇటో పాయగా విడిపోయి ఊరికే కూర్చుంటుంది. అక్కడికి పడవలో పోవాలి. పోయి ఇంజను ఆపేయాలి. నీళ్లు ఎటు పోతున్నాయో తెలీదు, ఉప్పో తీపో తెలీదు. కొంగలు మనల్ని చూసి లేవబోయి, సర్లే మనవాళ్లేనని మళ్లీ కూర్చుంటాయి. ఫ్లాస్కులో కాఫీ ఉంటుంది. మాట్లాడక్కర్లేదు. సాయంత్రం అవుతుంటే మన కింద ఒక ఆకాశం, పైన ఒక ఆకాశం..."

దత్తుకి రోడ్డు మాయమైంది. అటూ ఇటూ దున్నిన చేలు నీళ్లయిపోయాయి. స్కూటరు తేలుతోంది. ముందు పోతున్న ఎడ్లబండి ఏదో ఓడలా కనపడింది. పొన్నూరులో తెనాలి వైపు తిరగాల్సినవాడు తిరక్కుండా గుంటూరు దారిన చాలా దూరం పోయాడు. లారీవాడు హారను కొడితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ రోజు నుంచీ దత్తుకి కొత్త భయం పట్టుకుంది. బావగారు పడవ కొంటారని కాదు. కొనకపోతే ఎలా అని.

తర్వాతి వారం రేపల్లె. అక్కడి పడవల షావుకారు దర్జాగా వాలుకుర్చీలో ఉన్నాడు. రాగానే చల్లటి సోడా ఇప్పించాడు.

"మీరు గురువులు. రూపాయి ఇవ్వక్కర్లేదు. ఇంజను, వల, అన్నీ నావే. రేపే తీసుకెళ్లండి."

దత్తుకి సోడా పొలమారింది. మాస్టారు మాత్రం గ్లాసు కింద పెట్టారు. "అన్నీ కలిపి ఎంత?"

"ఏమీ లేదంటున్నానుగా. పట్టిన చేప నాకే వెయ్యాలి. నేను కట్టిన ధరకి. అంతే."

"నేను చేప పట్టను. శాకాహారిని."

"మరి పడవెందుకండీ?"

"కూర్చోడానికి."

షావుకారు వాలుకుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కాసేపు మాస్టారి మొహం, కాసేపు దత్తు మొహం చూశాడు. దత్తు తల దించుకున్నాడు.

"పోనీ చేప పట్టేవాడే అనుకో. ఎన్నాళ్లు వెయ్యాలి నీకు?"

"పడవ ఉన్నన్నాళ్లూ," అన్నాడు షావుకారు నవ్వుతూ. "పడవ పోతే ఇంకోటిస్తాను. కొడుకులుంటే వాళ్లకీ ఇస్తాను."

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మాస్టారు కొంగల ఊసెత్తలేదు.  తెనాలిలో దిగాక మాత్రం, "ఇంత ఖరీదైన పడవ ఎక్కడా చూడలేదురా," అన్నారు. ఉచితంగా ఇస్తానన్నవాడి పడవ ఖరీదేంటో దత్తుకి అంతుపట్టలేదు.

మూడోది తెనాలిలోనే, నందివెలుగు రోడ్డులో కాలువ పక్కనున్న షెడ్డు. నీళ్ల ట్యాంకులు చేస్తూ చేస్తూ పడవల్లోకి దిగిన పుష్పలత అనే ఆవిడ దాన్ని నడుపుతోంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అన్నీ కలిపి..." అనేలోపే ఆవిడ అందుకుంది.

"లక్షా ముప్ఫై వేలండి. ఇంజను, బిగింపు, తెడ్లు రెండు, రంగు రెండు పూతలు, పేరు మీ ఇష్టం ఎంత పొడుగైనా సరే, రేవు దాకా లారీ. మధ్యలో ఇంకేదైనా తగిలితే నా ఖర్చు."

మాస్టారు నోరు తెరిచారు. అడగడానికి ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి ఏమీ లేదు. చంటిపిల్లాడి చేతిలోంచి బొమ్మ లాక్కున్నట్టు అయిపోయింది ఆయన మొహం. దత్తుకి జాలేసింది. కాసేపు పడవ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వెలిగిపోతూ వచ్చారు.

"లారీ తీసేస్తే ఎంత తగ్గిస్తావమ్మా?"

"నాలుగు వేలు. లారీ లేకుండా ఎట్లా తీసుకెళ్తారండి?"

"కాలువ ఉందిగా! జూలైలో నీళ్లు వదులుతారు. నీ గుమ్మం ముందు దించితే సముద్రం దాకా నీళ్లే. పటంలో ముప్ఫై ఏళ్లు చూపించానమ్మా నేను!"

అడ్వాన్సు తీస్తారేమోనని దత్తు చటాక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు జేబు జోలికే పోలేదు. "నమస్కారమమ్మా," అని వచ్చేశారు.

ఈలోగా ఊరికి కాలక్షేపం దొరికింది. టిఫిన్ హోటల్లో ఆయన్ని చూడగానే, "మాస్టారూ, పడవకి పార్కింగు ఎక్కడండి?" అనేవాడొకడు. "వానాకాలం మా వీధికి ట్రిప్పులేస్తారా?" అనేవాడింకొకడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు అని నాగేశ్వరమ్మకి వినపడేలా అనేవాళ్లూ ఉన్నారు. మాస్టారు అందరికీ నవ్వుతూ సమాధానం చెప్పేవారు. ఆవిడ మాత్రం గుడికి వెళ్లడం మానేసింది.

జూలైలో కాలువలకి నీళ్లొచ్చాయి. ఒక ఉదయం మాస్టారు దత్తు ఇంటి తలుపు తట్టారు. "పడవ నీళ్లలో దించారు. పద."

దత్తు అక్క దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ బియ్యమంతా నేల మీద కుమ్మరించింది. బ్యాంకు పుస్తకం ఉన్నచోటే ఉంది, అంకె కదల్లేదు. "అయితే అప్పు చేశారన్నమాట! ఇల్లు పోతే పోయింది, ఇక అద్దె కట్టడానికైనా మిగలదురా!" అని కూలబడింది. దత్తు ఆవిడకి ధైర్యం చెప్పలేక, సిగ్గుపడుతూ కాలువ గట్టుకి వెళ్లాడు.

పడవ చూడగానే సిగ్గు మర్చిపోయాడు. తెల్లగా, నీలం అంచుతో, ముక్కు పైకెత్తుకుని పెళ్లికూతురిలా ఉంది. గడకర్రతో నడపడానికి అంద్రెయ అనే నిజాంపట్నం మనిషిని మాస్టారే పిలిపించారట. రేపల్లెలో ఆయన దగ్గర చదువుకున్నాడట. దత్తు ఎక్కి కూర్చున్నాడు. మాస్టారు గొడుగు పట్టుకుని గట్టు మీద నడుస్తూ, "కుడికి! ఎడమకి! మెల్లిగా!" అని ఉపదేశాలిస్తున్నారు. ఊరి వెనక గుమ్మాలన్నీ కదిలిపోతున్నాయి. బట్టలుతికే ఆడవాళ్లు చేతులూపారు. తెనాలి ఇంత అందమైన ఊరా అని దత్తు నోరు తెరుచుకుని చూశాడు.

ఊరు దాటి రెండో వంతెన దగ్గర పడవ ముక్కు ఠంగుమని వంతెనకి తగిలి ఆగిపోయింది. కాలువ నిండుగా పారుతోంది. వంతెనకీ నీళ్లకీ మధ్య ఉన్న సందులో ఆ ముక్కు పట్టదు.

"పటంలో వంతెన లేదే!" అన్నారు మాస్టారు.

వంతెన మీద జనం పోగయ్యారు. నాట్లకి పోతున్న ఆడవాళ్లు, ఎరువు బస్తాల వాళ్లు, వాళ్లకి పెద్దగా నరసింహారావు అనే రైతు. "వంతు మారి నీళ్లు తగ్గడానికి నాలుగు రోజులు పడుతుంది, మాస్టారూ," అన్నాడాయన.

అంద్రెయ మొహం పాలిపోయింది. "నాలుగు రోజులా! రేపు బ్యాంకాయన రేవుకొచ్చి పడవ చూస్తాడండి. పడవ చూశాకే పుష్పలతమ్మకి లోను డబ్బు కడతాడు. పడవ లేకపోతే ఆపేస్తాడు."

బ్యాంకేంటి, లోనేంటి అని దత్తు తల తిప్పేలోపే నరసింహారావు తలపాగా బిగించాడు. "ముక్కు దిగాలంటే ముక్కు మీద బరువు పడాలి. అందరూ ఎక్కండర్రా!"

అంతే, జాతర. ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి దూకారు. బస్తాలతో సహా రైతులెక్కారు. ఒక ముసలమ్మ మేకపిల్లతో ఎక్కింది. పడవ ముక్కు బెత్తెడు దిగింది. ఇంకో రెండు వేళ్లు దిగాలి.

"మాస్టారూ, మీరూ రండి! సొంతదారు ఎక్కకపోతే ఎట్లా?" అన్నాడు నరసింహారావు.

మాస్టారు గట్టు మీదున్న వేపచెట్టుని రెండు చేతులా వాటేసుకున్నారు. "నేను రాను. నాకు నీళ్లంటే భయం."

అందరూ గొల్లుమన్నారు. దత్తు మాత్రం నవ్వలేకపోయాడు. "నీళ్లంటే భయమైతే పడవెందుకు కొన్నారండీ?"

"సొంతదారు నేనేనండి," అన్నాడు అంద్రెయ.

 అంద్రెయ గడకర్ర ఆనించి చెప్పుకొచ్చాడు. "సునామీలో మా పడవ పోయిందండి. అప్పటి నుంచీ రేపల్లె షావుకారి పడవ మీద కూలికి పోతన్నా. బ్యాంకు లోను ఇస్తానంది. కానీ నేను ఏ షెడ్డులో కాలు పెట్టినా సాయంత్రానికి ఆయనకి తెలిసిపోద్ది. తెలిస్తే నాకు పడవ ఎవ్వర్నీ అమ్మనియ్యడు. కొత్త పడవ ఇంటికొచ్చి నిలబడేదాకా గుట్టుగా ఉండాల. మాస్టారికి చెప్పుకుంటే, 'నువ్వు అడిగితే బేరం, నేను అడిగితే పిచ్చి. పిచ్చివాడికి ఎవడూ అడ్డురాడు, నేను తిరుగుతాలే' అన్నారండి."

దత్తు బావగారి వైపు చూశాడు. ఆయన ఇంకా వేపచెట్టుని వదల్లేదు.

"మాకైనా చెప్పొచ్చుగా బావగారూ! అక్క ఎంత ఏడ్చిందో తెలుసా?"

"చెబుదామనే అనుకున్నానురా. నాగేశ్వరానికి చెబితే నీకు చెబుతుంది. నీకు చెబితే బోసు రోడ్డంతా తెలుస్తుంది. అవునా, కాదా?"

దత్తు కాదనలేకపోయాడు.  జనం వైపు తిరిగి, "ఇంకో ఇద్దరు ఎక్కండయ్యా!" అని గట్టిగా అరిచాడు. ఇద్దరెక్కారు. వంతెన కింద అందరూ తలలు వంచారు. నవ్వుతో ఊగుతూ, ముక్కు కూడా తల వంచుకుని పడవ అవతలికి జారిపోయింది. లాకుల దగ్గర మళ్లీ ఆగితే నరసింహారావు ట్రాక్టరు తెచ్చి, దాని మీదికెక్కించి చీకటిపడేలోగా నిజాంపట్నం రేవులో దించేశాడు. బాడుగ సంగతి మాస్టారు అడగబోతే, "ఊరుకోండి మాస్టారూ, సిగ్గుచేటు," అన్నాడు.

నాగేశ్వరమ్మకి సంగతి తెలిసిన రోజు మొదట భర్తని ఆపకుండా తిట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆయనకిష్టమని గుత్తివంకాయ వండింది. ఆ వారమే రెండు గదుల ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశారు.

పడవని మొదటిసారి సముద్రంలోకి తీసుకెళ్లే ఆదివారం అంద్రెయ అందర్నీ పిలిచాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నాగేశ్వరమ్మ తన వంతుగా కొబ్బరికాయ కొట్టింది. అంద్రెయ భార్య అచ్చమ్మ, "రండమ్మగారూ," అని చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి పడవెక్కించింది. ఒక చుట్టు తిరిగి ఒడ్డుకొచ్చాక ఆవిడ దిగలేదు. "ఇంకోసారి పోనివ్వు నాయనా," అంది. మళ్లీ వచ్చాక కూడా దిగలేదు.

"ఏవండీ! రండి!" అని పిలిచింది అక్కణ్ణుంచే.

మాస్టారు అడ్డంగా తల ఊపారు.

"అందర్నీ మీ కొంగల కబుర్లతో పడవలెక్కించారు. నేను పిలుస్తుంటే రారేంటి?"

దత్తు, అచ్చమ్మ చెరో రెక్క పట్టుకున్నారు. మాస్టారు కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్న దేవుళ్లందర్నీ తలుచుకుంటూ ఎక్కి, భార్య పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నారు. పడవ కదిలింది. మడ చెట్లు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ముందు పాయ నెమ్మదిగా వెడల్పవుతోంది. పొద్దుటి ఎండ నీళ్ల మీద మెత్తగా పరుచుకుంది. కాసేపటికి అంద్రెయ ఇంజను ఆపేశాడు. ఎవరూ మాట్లాడలేదు.

"ఎదురుగా ఏముంది నాగేశ్వరం?" అన్నారు మాస్టారు మూసిన కళ్లతోనే.

"నీళ్లండి."

"అది తెలుసు. ఎట్లా ఉన్నాయి?"

ఆవిడ కాసేపు చూసింది. "ఆరేసిన నీలం చీరలాగా ఉన్నాయండి. చివర ఆకాశంతో కలిపి కుట్టేశారు. కుట్టు ఎక్కడో కనపడట్లేదు."

"కొంగలు?"

"ఉన్నాయి. ఒకటి మిమ్మల్నే చూస్తోంది."

"సముద్రం ఎటుంది?"

"తూర్పుకి."

"తూర్పు కాదే, ఆగ్నేయం," అని దిద్దారు మాస్టారు.

"చూస్తున్నది నేనండీ, మీరు కాదు!"

దత్తు నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. మాస్టారు చాలాసేపు తటపటాయించి, మెల్లిగా ఒక కన్ను తెరిచారు. చూశారు. రెండో కన్ను కూడా తెరిచారు. ముప్ఫై ఏళ్లు పటంలో నీలం రంగుగా చూపించినదంతా ఎదురుగా కదులుతోంది. ఆయన భార్య చెయ్యి వదల్లేదు.

"తూర్పేలేవే," అన్నారు.